మారుతున్న నగరం మీద కళ అంటే ఇటుకల కుప్పేనా?

సిమెంటు_సంచి
నిన్న ఫ్రెండ్ బలవంతం మీద ఒక సమకాలీన కళా ప్రదర్శనకి వెళ్లాను. థీమ్ ‘మారుతున్న నగరం’. పెద్ద హాలు, మధ్యలో ఇటుకల కుప్ప, పైనుంచి ఒకే ఒక్క స్పాట్‌లైటు. పక్కన బోర్డు మీద ‘కూలిన ఇళ్ల జ్ఞాపకం’ అని రాసుంది. జనం చేతులు కట్టుకుని, తలలు పక్కకి వాల్చి చూస్తున్నారు.

పాత బిల్డింగులు పడగొట్టి కొత్తవి లేపడమే నా ఉద్యోగం. అలవాటు కొద్దీ వంగి చూశాను. ఒక్క ఇటుకకీ సున్నం లేదు, సిమెంటు లేదు. అంచులు పదునుగా ఉన్నాయి. నేరుగా బట్టీ నుంచి దిగిన కొత్త సరుకు. కూలిన ఇంటి ఇటుక అలా ఉంటుందా? సగానికి విరిగి ఉంటుంది, ఒక పక్క గచ్చు పట్టుకుని ఉంటుంది, ఇంకో పక్క పెయింటు పొరలు పొరలుగా ఉంటుంది, మధ్యలో ఎక్కడో మేకు దిగి ఉంటుంది. అక్కడున్న ఇటుకలు ఏ ఇంట్లోనూ ఒక్కరోజు కూడా ఉన్నవి కావు.

నగరం మారడం గురించి కళ అంటే ఇంతేనా? నిజంగా అడుగుతున్నాను, వెటకారం కాదు. (కొంచెం వెటకారమే.)

గోడమీద_పిల్లి
ఇటుకలు కొత్తవైతే ఏమైంది, ప్రదర్శన అయ్యాక వాళ్లు ఇల్లు కట్టుకుంటారు. బడ్జెట్ ప్లానింగ్ అంటారు దాన్ని.

లెక్క_తేలాలి
నాదీ ఇదే డౌటు. ఇలాంటి షోలు చాలా చూశాను. తుప్పు పట్టిన ఇనుము, మసకబారిన మ్యాపు, ట్రాఫిక్ శబ్దం వినిపించే చీకటి గది. ఈ మూడూ ఉంటే ‘అర్బన్ స్పేస్’ అయిపోయినట్టే. చూసి బయటకొచ్చాక నగరం గురించి కొత్తగా ఒక్క విషయం కూడా తెలియదు.

పాత_పటం
ఒక చెత్త షో చూసి మొత్తం రంగాన్నే కొట్టేస్తే ఎలా అండీ. ఇటుకలు కొత్తవా పాతవా అన్నది మీరు గమనించిన తీరు నాకు నచ్చింది. అదే కొలతతో వేరేవాళ్లని చూద్దాం.

1993లో రేచల్ వైట్‌రీడ్ అనే బ్రిటిష్ శిల్పి లండన్ తూర్పు భాగంలో గ్రోవ్ రోడ్ మీద ‘హౌస్’ అని ఒక పని చేసింది. ఆ వరసలోని ఇళ్లన్నీ పార్కు కోసం కూల్చేశారు, ఒకటి మిగిలింది. ఆ ఇంటినే అచ్చుగా వాడుకుంది. లోపలి గోడల మీద కాంక్రీటు స్ప్రే చేయించి, అది గట్టిపడ్డాక బయటి గోడల్ని ఊడదీయించింది. చివరికి నిలబడింది ఇల్లు కాదు, ఇంటి లోపలి ఖాళీ. లోపలికి ఉండాల్సిన ఫైర్‌ప్లేసులు బయటకి ఉబ్బి కనిపించేవి. గదులు కనిపిస్తాయి, వెళ్లడానికి దారి ఉండదు. మేడ మీద ఎవరిదో పడకగది రోడ్డున పోయే వాళ్లందరి ఎదుటా దిమ్మెలా నిలబడింది.

ఆ ఏడాది నవంబర్ 23న ఆమెకి బ్రిటన్‌లో పెద్ద కళా పురస్కారమైన టర్నర్ ప్రైజ్ వచ్చింది. అదే రోజు స్థానిక కౌన్సిల్ దాన్ని పడగొట్టాలని నిర్ణయించింది. 1994 జనవరి 11న పడగొట్టేశారు కూడా.

గోడమీద_పిల్లి
పొద్దున అవార్డు, సాయంత్రం బుల్డోజర్. మా ఆఫీసులో కూడా ఇదే పద్ధతి.

పాత_పటం
ఇంకోటి చెప్పడం మర్చిపోయాను. అదే రోజు ఆమెకి ‘ఆ ఏడాది అతి చెత్త ఆర్టిస్టు’ అని ఇంకో బృందం 40,000 పౌండ్లు ఇచ్చింది. టర్నర్ ప్రైజ్ 20,000 పౌండ్లే. చెత్తకి రెట్టింపు రేటు.

ఆ కాంక్రీటు మీద ఎవరో ‘ఇదెందుకు?’ అని స్ప్రేతో రాశారు. పక్కన ఇంకెవరో ‘ఎందుకుండకూడదు?’ అని రాశారు. మన థ్రెడ్ లాంటిదే.

సిమెంటు_సంచి
ఇది వేరే లెవెల్. ఇంటినే సెంట్రింగుగా వాడుకుని లోపల పోత పోసిందన్నమాట. మామూలుగా మేం షట్టరింగ్ విప్పి పడేస్తాం, ఇక్కడ విప్పి పడేసిందే ఇల్లు. దీంట్లో మోసం లేదు. ఆ గోడ నిజంగా అక్కడ ఉండేది.

లెక్క_తేలాలి
మోసం లేదు సరే. ఆ ఇంట్లో ఉన్నవాళ్ల సంగతి? వాళ్లకి ఒరిగిందేంటి? కళాకారిణికి ప్రైజు, పార్కుకి స్థలం, ఖాళీ చేసినవాళ్లకి ఫొటో.

పాత_పటం
చివరిదాకా ఖాళీ చేయనని పట్టుబట్టిన మనిషి ఇల్లు అది. మీ ప్రశ్న న్యాయమైందే. కానీ వీధి వీధంతా పోయినప్పుడు జరగని గొడవ ఈ ఒక్క దిమ్మె మీద జరిగింది. పత్రికలు, పార్లమెంటు, ఊరి జనం అందరూ వాదించుకున్నారు.

చూసిందే_చెప్తా
గార్డన్ మట్టా-క్లార్క్ పేరు ఎవరూ ఎత్తలేదేంటి? సంచి గారికి అసలు నచ్చాల్సిన మనిషి ఆయనే. ఆర్కిటెక్చర్ చదువుకుని, కట్టడం మానేసి కోయడం మొదలుపెట్టాడు.

1974లో న్యూజెర్సీలో కూల్చబోతున్న ఒక రెండంతస్తుల ఇంటిని నిలువునా రెండుగా కోశాడు. ఒక సగం కింద పునాది దిమ్మెల్ని చెక్కి, జాక్‌ల మీద నెమ్మదిగా వెనక్కి వాల్చాడు. మధ్యలో పైనుంచి కింద దాకా వెలుతురు చీలిక. 1975లో పారిస్‌లో ఇంకోటి చేశాడు. పాంపిడూ సెంటర్ అనే ఆధునిక కళల మ్యూజియం కడుతున్నారు, దాని పక్కనే 17వ శతాబ్దపు ఇళ్లు రెండు కూల్చివేతకి సిద్ధంగా ఉన్నాయి. వాటి గుండా శంకువు ఆకారంలో పెద్ద కన్నం తొలిచాడు. వీధిలో నిలబడితే గోడలో గుండ్రటి రంధ్రం, దాని లోపల తెగిన అంతస్తుల అంచులు పొరలుగా, అవతల కొత్తగా లేస్తున్న మ్యూజియం ఇనుప చట్రం. కొత్త కళాభవనం కోసం పాత పేట పోతోందని బోర్డు పెట్టి చెప్పాల్సిన పనే లేదు.

సిమెంటు_సంచి
జాక్ పెట్టి ఇంటిని వాల్చడం! సేఫ్టీ ఆఫీసర్ ఎక్కడున్నాడో కనుక్కోండి. లోడ్ ఎటు దిగుతుందో లెక్క తెలియకుండా చేసే పని కాదది. ఈయన మీద గౌరవం పెరిగింది.

గోడమీద_పిల్లి
ఇలాంటివాడు అద్దెకి దిగితే మేకు కొట్టడానికి కూడా ఓనర్ ఒప్పుకోడు.

అద్దెకొంప
ఇక్కడ చర్చ అంతా పడగొట్టడం మీదే నడుస్తోంది. నగరం మారడమంటే కూలడం ఒక్కటేనా? నేనుండే వీధిలో ఒక్క ఇల్లు కూడా కూలలేదు. గోడల మీద బొమ్మలు వేశారు, అంతే. మొదట వీధంతా సంబరం. తర్వాత ఫొటోలు దిగేవాళ్లు వచ్చారు, తర్వాత కాఫీ షాపులు, ఆ తర్వాత అద్దెలు. నా పక్క పోర్షన్‌లో ఏళ్లుగా ఉన్న టైలర్ కుటుంబం వెళ్లిపోయింది. వాళ్ల గోడ మీద ఇప్పటికీ కుట్టు మిషన్ ముందు కూర్చున్న ఆడమనిషి బొమ్మ ఉంది. ఆ పోర్షన్ ఇప్పుడు రోజువారీ అద్దెకిస్తున్నారు.

బొమ్మ బాగుంటుంది, కాదనను. అయినా చూస్తే ఒళ్లు మండుతుంది.

నీలిరంగు
అద్దెకొంప గారూ, గోడల మీద బొమ్మలు వేసేవాళ్లలో నేనూ ఒకదాన్ని కాబట్టి ఈ మాట గట్టిగానే తగిలింది. కానీ అద్దె పెంచింది నా కుంచె కాదండీ. ఓనర్ పెంచాడు. బొమ్మలు లేని వీధుల్లో కూడా మెట్రో వస్తే పెరుగుతాయి, ఆఫీసు వస్తే పెరుగుతాయి.

అద్దెకొంప
మీరు పెంచారని అనలేదు. పెంచడానికి వచ్చేవాడు ముందు మిమ్మల్ని పంపుతాడు అంటున్నాను.

లెక్క_తేలాలి
అబ్బ. దీనికి సమాధానం చెప్పండి ఎవరైనా.

పాత_పటం
బ్లూ అనే ఇటాలియన్ ఆర్టిస్టు చెప్పిన సమాధానం ఉంది. బెర్లిన్‌లో క్రాయిట్స్‌బెర్గ్ పేటలో ఒక ఖాళీ స్థలం పక్కన రెండు భారీ గోడబొమ్మలు వేశాడు, 2007, 2008లో. నగరానికే గుర్తులా అయిపోయాయి, పర్యాటకులు వాటి కోసమే వచ్చేవాళ్లు. ఆ స్థలంలో కొత్త కట్టడాల ప్లాన్ వచ్చింది. 2014 డిసెంబర్‌లో ఆయన సమ్మతితోనే రాత్రికి రాత్రి ఆ రెండు గోడలకీ నల్లరంగు పూసేశారు. మా బొమ్మని చూపించి మీరు ఫ్లాట్లు అమ్ముకోవద్దు అని.

నీలిరంగు
బ్లూ లాంటి పేరున్నవాడికి చెల్లుతుంది. మాలాంటివాళ్లకి నల్లరంగు డబ్బా కూడా మేమే కొనుక్కోవాలి.

గోడమీద_పిల్లి
నల్లరంగు పూసిన గోడని కూడా మినిమలిజం అని ఎక్కువ రేటుకి అమ్మేస్తారు. తప్పించుకోలేం.

నల్లకోటు
గోడబొమ్మల విషయంలో చట్టం కొంత ఉంది, చాలామందికి తెలియదు. న్యూయార్క్‌లో 5పాయింట్జ్ అని గ్రాఫిటీతో నిండిపోయిన పాత ఫ్యాక్టరీ భవనాలు ఉండేవి. ఓనర్ 2013 నవంబర్‌లో ఒక రాత్రి అన్నింటికీ సున్నం కొట్టించినట్టు తెల్లరంగు కొట్టించేశాడు, తర్వాత కూల్చి టవర్లు కట్టాడు. ఆర్టిస్టులు కోర్టుకెళ్లారు. 2018లో 21 మందికి కలిపి 67.5 లక్షల డాలర్లు ఇవ్వమని తీర్పు వచ్చింది, 2020లో అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖరారు చేసింది. అక్కడ 1990లో వచ్చిన విజువల్ ఆర్టిస్టుల హక్కుల చట్టం కింద.

మన దగ్గర కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ఉంది, తన పనిని పాడుచేస్తే అడిగే హక్కు కళాకారుడికి ఇస్తుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి చేసిన కంచు మ్యూరల్‌ని (గోడకి బిగించిన శిల్పాన్ని) 1979లో ఊడదీసి స్టోర్‌లో పడేశారు. 2005లో ఢిల్లీ హైకోర్టు దాన్ని ఆయనకి తిరిగివ్వమని, 5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమని చెప్పింది.

గమనించండి, రెండు చోట్లా హక్కు బొమ్మ వేసినవాడిది. ఆ గోడ వెనక అద్దెకున్నవాడికి ఈ చట్టాల్లో చోటు లేదు.

అద్దెకొంప
ఆ చివరి రెండు వాక్యాలు ఫ్రేమ్ కట్టించుకుంటా.

చూసిందే_చెప్తా
మళ్లీ అసలు విషయానికొద్దాం. నగరం మారడానికి మూలం గోడ కాదు, స్థలం. దాన్ని పట్టుకున్న పనులే నాకు ఎప్పటికీ గుర్తుండేవి. పైన చెప్పిన మట్టా-క్లార్క్ 1973-74 ప్రాంతంలో న్యూయార్క్ నగరం వేలంలో స్థలాలు కొన్నాడు. మొత్తం 15, ఒక్కోటి 25 నుంచి 75 డాలర్లు. ఏం స్థలాలనుకున్నారు? సర్వేలో తేడాలు వచ్చి మిగిలిపోయిన ముక్కలు. రెండిళ్ల మధ్య సందులో సన్నటి పట్టీ, కాలిబాట అంచు, అసలు లోపలికి వెళ్లడానికే దారి లేనివి. వాటి దస్తావేజులు, మ్యాపులు, ఫొటోలు పోగుచేశాడు. పేరు ‘ఫేక్ ఎస్టేట్స్’. 1978లో 35 ఏళ్లకే పోయాడు. పన్ను కట్టేవాళ్లు లేక ఆ ముక్కలన్నీ మళ్లీ నగరం చేతికే వెళ్లిపోయాయి.

సిమెంటు_సంచి
అడుగు వెడల్పు స్థలానికి కూడా పట్టా, పన్ను! ఇది చదివి పడీపడీ నవ్వాను. పాత లేఅవుట్లలో ఇలాంటి ముక్కలు నేనూ చూశాను. కాగితం మీద ఉంటుంది, నేల మీద వెతికితే దొరకదు. దాని కోసం రెండు కుటుంబాలు ఏళ్ల తరబడి కొట్టుకుంటాయి.

లెక్క_తేలాలి
కానీ సంచి బ్రో, నీ మొదటి కొలత ప్రకారం ఇది ఫెయిల్. ఇటుక నిజమైందా కాదా అన్నావు. ఇక్కడ ఇటుకే లేదు, కాగితాలు.

సిమెంటు_సంచి
కాగితాలు నిజమైనవి కదా. రిజిస్ట్రేషన్ అయినవి. నాకు కావలసింది అదే. అక్కడిదేదో ఒకటి ఉండాలి. గోడో, పట్టానో, మన్నో. బజార్లో కొన్నది కాకుండా.

చూసిందే_చెప్తా
అయితే హాన్స్ హాకే అనే ఆర్టిస్టు సంగతి వినండి. 1971. న్యూయార్క్‌లో ఒకే యజమాని బృందం రకరకాల కంపెనీల పేర్లతో పెట్టుకున్న భవనాల్ని పట్టుకున్నాడు. ఎక్కువగా పేదల పేటల్లో ఉన్న అద్దె ఇళ్లు. 142 ఆస్తుల ఫొటోలు, ఒక్కోదాని కింద టైపు చేసిన చీటీ: అడ్రసు, సైజు, ఎవరి పేరు మీద ఉంది, తనఖా ఎక్కడుంది. మొత్తం పబ్లిక్ రికార్డుల నుంచే తీశాడు. ఒక్క విశేషణం వాడలేదు, ఒక్కరినీ తిట్టలేదు. ఆయన సోలో షో గగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఉండాల్సింది. ప్రారంభానికి కొన్ని వారాల ముందు డైరెక్టర్ రద్దు చేశాడు. ఆర్టిస్టు పక్షాన నిలబడిన క్యూరేటర్ ఉద్యోగం పోయింది.

ఇటుకల కుప్ప పెట్టినందుకు ఎవరి ఉద్యోగమూ పోదు. తేడా అక్కడుంది.

అద్దెకొంప
ఇదీ నాకు కావలసింది. మా వీధిలో గోడల మీద కుట్టు మిషన్ బదులు ఏ ఇల్లు ఎవరి పేరు మీద ఉందో పెద్దక్షరాలతో రాసుంటే, ఒక్క కాఫీ షాపు వచ్చేది కాదు.

గోడమీద_పిల్లి
కాఫీ షాపు కాదు, పోలీసు వ్యాన్ వచ్చేది.

పాత_పటం
మన్ను అన్నారు కదా సంచి గారూ. 1982లో ఆగ్నెస్ డెనెస్ అనే ఆర్టిస్టు న్యూయార్క్‌లో మన్‌హాటన్ కొసన రెండెకరాల్లో గోధుమ పండించింది. వరల్డ్ ట్రేడ్ సెంటర్ పునాదుల తవ్వకంలో వచ్చిన మట్టితో పూడ్చిన నేల అది. రాళ్లూ చెత్తా ఏరి, చేత్తో 285 చాళ్లు తీసి విత్తారు. మేలో నాటితే ఆగస్టులో కోతకొచ్చింది, వెయ్యి పౌండ్లకు పైగా గింజలు. వెనక జంట టవర్లు, ముందు పచ్చటి చేను. ఆ స్థలం విలువ అప్పట్లో 450 కోట్ల డాలర్లని లెక్క. ఆ ధర పలికే నేల మీద గోధుమ పండించడం కంటే తెలివితక్కువ వ్యాపారం ఉండదు. పండించి చూపిస్తే తప్ప ఆ తెలివితక్కువతనం ఎవరిదో అర్థం కాదు. ఇప్పుడక్కడ బాటరీ పార్క్ సిటీ భవనాలు.

ఇంకో_మలుపు
ఎంతసేపూ న్యూయార్కేనా? బీజింగ్‌లో 1990ల్లో హుటాంగ్‌లనే పాతకాలపు సందులు వీధులకు వీధులే పోయాయి. జాంగ్ దాలీ అనే ఆర్టిస్టు 1995 నుంచి కూల్చబోయే గోడల మీద తన తల పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఆ గీత ఒక్కటే స్ప్రేతో వేస్తూ పోయాడు. తర్వాత పనివాళ్లని పెట్టి ఆ గీత వెంబడి గోడనే తొలిపించాడు. తల ఆకారపు కన్నంలోంచి అవతల పాత చక్రవర్తుల కోట ఫర్బిడెన్ సిటీ బురుజు బంగారు రంగు కప్పుతో మెరుస్తూ కనిపించే ఫొటో ఒకటుంది. కాపాడినదీ, కూల్చినదీ ఒకే చట్రంలో.

అలాగే లియు బోలిన్. 2005లో తానుండే ఆర్టిస్టుల వాడని అధికారులు కూల్చేశారు. ఆ శిథిలాల ముందు నిలబడి ఒంటికంతా వెనకున్న దృశ్యమే పెయింట్ చేయించుకుని కలిసిపోయాడు. అక్కణ్నుంచే ఆ సిరీస్ మొదలైంది. తర్వాత అదే ట్రిక్ అయిపోయి కంపెనీల ప్రకటనల దాకా వెళ్లింది, అది వేరే కథ. మొదటి ఫొటో మాత్రం గట్టిది.

లెక్క_తేలాలి
ఇక్కడ అందరూ కోసినవాళ్లు, తొలిచినవాళ్లు, పండించినవాళ్లు. మామూలుగా కూర్చుని పెయింటింగ్ వేసుకునేవాళ్లు లెక్కలోకి రారా?

పాత_పటం
వస్తారు. సుధీర్ పట్వర్ధన్ వృత్తిరీత్యా రేడియాలజిస్టు. ముంబై శివార్లలో ప్రాక్టీసు చేస్తూనే దశాబ్దాల తరబడి ఆ నగరాన్ని వేశాడు. ‘లోయర్ పరేల్’ అనే పెయింటింగ్ 2001 నాటిది. ఆ మిల్లుల పేట రూపం మారిపోతున్న సమయం. ఆయన కాన్వాసుల్లో జనం ఎప్పుడూ పనిమీద ఎక్కడికో పోతుంటారు. బాధగా ఆకాశం వైపు చూస్తూ నిలబడినవాడు దాదాపు కనిపించడు. అందుకే నాకిష్టం.

చూసిందే_చెప్తా
ముంబై అంటే క్యాంప్ బృందం 2022లో చేసిన ‘బాంబే టిల్ట్స్ డౌన్’ కూడా. ఎత్తైన భవనం మీద ఒకే సీసీ కెమెరా, దూరం నుంచి నడిపారు. ఆకాశం దగ్గర, టవర్ల కొసల దగ్గర మొదలై చూపు నెమ్మదిగా కిందికి దిగుతుంది. అద్దాల కిటికీలు, మధ్య అంతస్తులు, నీలి టార్పాలిన్లు కప్పిన రేకుల ఇళ్లు. అన్నీ పక్కపక్కన పెద్ద తెరల మీద. నిఘా కోసం పుట్టిన కెమెరా. ‘అయ్యో’ అనిపించే సంగీతం పెట్టి ఏడిపించే ప్రయత్నం లేదు.

లెక్క_తేలాలి
ఒప్పుకుంటా, ఇది చూడాలనిపిస్తోంది. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. ఉన్నవాళ్లకి ఏం ఒరిగింది?

ఇంకో_మలుపు
హ్యూస్టన్‌లో రిక్ లో అనే పెయింటర్‌ని ఒక స్కూలు విద్యార్థి ఇదే అడిగాడు. మా సమస్య ఏంటో మాకు తెలుసు, దాన్ని బొమ్మలేసి మాకే చూపించడం ఎందుకు, చేతనైతే పరిష్కారం తయారుచేయొచ్చు కదా అని. ఆ మాట బాగా పనిచేసింది. 1993లో ఇంకొందరు ఆర్టిస్టులతో కలిసి థర్డ్ వార్డ్ అనే నల్లవారి పేటలో పాడుబడిన 22 చిన్న ఇళ్లని బాగుచేశాడు. కొన్నింట్లో కళాప్రదర్శనలు, కొన్నింట్లో చదువుకుంటున్న ఒంటరి తల్లులకి నివాసం. ‘ప్రాజెక్ట్ రో హౌసెస్’. ఇప్పటికీ నడుస్తోంది.

నీలిరంగు
ఇక్కడ నాకు కొంచెం అభ్యంతరం. ఇళ్లు కట్టించడం ప్రభుత్వం పని. అది చేతులెత్తేస్తే ఆర్టిస్టు వచ్చి చేయాలా? రేపు ప్రతి గ్రాంటు అప్లికేషన్‌లో ‘మీ బొమ్మ వల్ల ఎంతమందికి ఇల్లు దొరికింది’ అని కాలమ్ పెడతారు.

ఇంకో_మలుపు
ఆల్రెడీ పెట్టేశారండీ, ‘సామాజిక ప్రభావం’ అనే పేరుతో.

సిమెంటు_సంచి
నీలిరంగు గారితో ఏకీభవిస్తున్నా. నేను ఇల్లు అడగలేదు. ఇటుక అబద్ధం ఆడకూడదు అన్నాను, అంతే.

నీలిరంగు
నా అనుభవం ఒకటి చెప్తాను. ఈమధ్య ఒక పెద్ద కన్‌స్ట్రక్షన్ సైటు చుట్టూ కట్టిన రేకుల మీద బొమ్మలు వేసే పని వచ్చింది. పిల్లలు, చెట్లు, పిట్టలు కావాలన్నారు. రేకు మడతల మీద వేయడం నరకం. రంగు గాడిలోకి జారిపోతుంది. ఎదురుగా నిలబడితే ముఖం బాగుంటుంది, నడుస్తూ పక్క నుంచి చూస్తే ముక్కు ఒక మడతలో, కన్ను ఇంకో మడతలో.

అక్కడ ఇళ్లు పోయినవాళ్లు కొందరు రోజూ వచ్చి చూసేవాళ్లు. ఒకావిడ, ‘అమ్మా, మా ఇంటి నంబరు రాస్తావా, ఇదిగో సరిగ్గా ఇక్కడుండేది’ అంది. చెట్టు మొదట్లో చిన్నగా రాశాను. మర్నాటికి వరస కట్టారు. చెట్ల మొదళ్లలో, పిట్టల రెక్కల్లో, పిల్లల చొక్కాల మీద ఇంటి నంబర్లు రాశాను. నంబర్లు సరైన చోట పడాలని వాళ్లే అడుగులు కొలిచి చూపించారు. ఇద్దరు మాత్రం హద్దు దగ్గర కొట్టుకున్నారు, అది వేరే.

సైటు మేనేజర్ అవి డిజైన్‌లో భాగం అనుకున్నాడు. బిల్లు కూడా పాసైంది, ఆలస్యంగానే అనుకోండి.

అద్దెకొంప
నేను పైన అన్నదాంట్లో సగం వెనక్కి. మిగతా సగం మాత్రం ఇవ్వను.

చూసిందే_చెప్తా
ఫొటోలు తీశారా? ప్రతి రేకూ విడివిడిగా, కొలతతో సహా తీయండి. దాదాపు హాకే పనే ఇది, పిట్టలు ఎక్స్‌ట్రా.

నీలిరంగు
కొన్ని తీశాను, అన్నీ లేవు. బిల్డింగ్ అయ్యాక ఆ రేకులు ఏం చేస్తారు? అడిగితే ఇస్తారా?

సిమెంటు_సంచి
ఇవ్వరు. రేకులు చాలాసార్లు అద్దెవి అయి ఉంటాయి, కాంట్రాక్టర్ సొంతవైనా తర్వాతి సైటుకి పోతాయి. విప్పేటప్పుడు వరస ఎవరూ చూడరు. ఎత్తు కొద్దీ దొంతర పేర్చి లారీలో వేస్తారు, అక్కడ చేతికొచ్చింది బిగిస్తారు. కొన్ని తలకిందులుగా కూడా. అంటే మీ పిల్లాడి తల ఇంకో పేటలో, కాళ్లు ఊరి అవతల. ఆ నంబర్లు ఇంకెవరి స్థలం ముందో నిలబడతాయి.

నల్లకోటు
ఒకవేళ అక్కడ కూడా హద్దు తగాదా ఉంటే, ఆ రేకు పట్టుకుని నా దగ్గరకి వస్తారు చూడండి.

గోడమీద_పిల్లి
రెండు పేటల నంబర్లు ఒకే రేకుల మీద. సర్వే డిపార్ట్‌మెంటుకి ఇంత మంచి ఆర్ట్ షో ఎవరూ పెట్టుండరు.

నీలిరంగు
తలకిందులుగా బిగిస్తారా?! సంచి గారూ, అవి విప్పే వారం ముందుగా ఎలా తెలుస్తుంది? ముందే వెళ్లి మిగతావాటికి కూడా ఫొటోలు తీసుకుంటాను.

సిమెంటు_సంచి
లోపల బిల్డింగ్ బయటి గోడల పెయింటింగ్ అయిపోయి, కాంపౌండ్ వాల్ లేపుతున్నారంటే ఇంక రోజుల్లో ఉందన్నట్టు. వాచ్‌మన్‌తో మాట్లాడి పెట్టుకోండి, ఇంజనీర్ కంటే ముందు ఆయనకే తెలుస్తుంది. వెనక వైపు నుంచి కూడా తీయండి, రేకుల మీద పాత సైట్ల పేర్లు కనిపించొచ్చు.